అమ్మమ్మ ఇప్పుడు నిద్రలో ఉందా, పరలోకంలో ఉందా?

ఒడిశాలోని గుణుపూర్ నుంచి ఒకమ్మాయి రాసింది. వాళ్ళ అమ్మమ్మ పోయిన నెల చనిపోయారట. భూస్థాపన దగ్గర పాస్టరుగారు "ప్రభువునందు నిద్రించారు, కడబూర మోగినప్పుడు లేస్తారు" అన్నారు. ఆదరణ కూడికలో మావయ్య లేచి "మా అమ్మ ఇప్పుడు యేసయ్య దగ్గరుంది, పైనుంచి మనందర్నీ చూస్తోంది" అని సాక్ష్యం చెప్పాడు. రెండింట్లో ఏది నిజమన్నది మొదటి ప్రశ్న. తాతయ్య హిందువుగానే ఉండి ముందే పోయారు, వంశధార ఒడ్డున దహనం చేశారు. కాల్చేసిన శరీరం ఎలా లేస్తుంది, అమ్మమ్మ ఆయన్ని మళ్ళీ చూస్తుందా అన్నది రెండోది. పక్కింటి ఒడియా పెద్దాయన "మీ పునరుత్థానం, మా పునర్జన్మ ఒకటే కదమ్మా" అంటే ఏం చెప్పాలో తెలీలేదట. తాతయ్య అన్నదమ్ముల పిల్లలు అమ్మమ్మకి మాసికం పెడతామంటున్నారు, అమ్మకి అదొక టెన్షన్. ఇవి కాక సమాధి రాయి మీద ఏం చెక్కించాలని కూడా అడిగింది.

అమ్మా, నేను పర్లాకిమిడి, కాశీనగర్, గుణుపూర్, రాయగడ వైపు తెలుగు సంఘాల్లో చాలాకాలం పాస్టరుగా పనిచేశాను. ఈ ప్రశ్నలు సమాధి దగ్గర ఎవరూ అడగరు. చుట్టాలంతా బస్సెక్కేశాక, టెంట్‌హౌస్ వాళ్ళు కుర్చీలు పట్టుకుపోయాక, అయ్యగారి చేతికి టీ గ్లాసిచ్చి అప్పుడు అడుగుతారు. కాబట్టి అడిగినందుకు మీరేం మొహమాటపడక్కర్లేదు.

పాస్టరుగారు చెప్పింది నిజమే. మీ మావయ్య చెప్పింది కూడా, ఆ "పైనుంచి చూస్తోంది" అన్న ముక్క పక్కన పెడితే, నిజమే. ఇద్దరూ చెరో సగం చెప్పారు. సిలువ మీద తన పక్కన వేలాడుతున్న దొంగతో యేసు "నేడు నీవు నాతోకూడ పరదైసులో ఉందువు" అన్నాడు. ఎప్పుడో అనలేదు, నేడు అన్నాడు. చెరసాల నుంచి ఫిలిప్పీ సంఘానికి రాస్తూ పౌలు, నేను వెళ్ళిపోయి క్రీస్తుతో ఉండటమే నాకు మేలు, కానీ మీకోసం బతికుండటం అవసరం అని ఊగిసలాడాడు. చనిపోతే స్పృహ లేకుండా పడి ఉంటానని అనుకునే మనిషి అలా రాయడు. మీ మావయ్య మాటకి ఆధారం అది. ఆ పౌలే థెస్సలొనీక వాళ్ళకి రాసినప్పుడు చనిపోయినవాళ్ళని నిద్రించినవాళ్ళన్నాడు. ప్రభువు వచ్చేటప్పుడు ముందు లేచేది వాళ్ళేనన్నాడు. దానియేలు గ్రంథం 12వ అధ్యాయంలో కూడా మంటిలో నిద్రించేవాళ్ళు మేలుకుంటారని ఉంది. మీ పాస్టరుగారు అక్కడి నుంచి తీసుకున్నారు.

ఈ రెండూ కలిస్తేనే క్రైస్తవ విశ్వాసం పూర్తవుతుంది. మనిషి చనిపోగానే ఆత్మ ప్రభువు సన్నిధికి చేరుతుంది, శరీరం మట్టిలో ఉంటుంది. అది మొదటి మెట్టు. అక్కడితో కథ అయిపోలేదు. క్రీస్తు తిరిగి వచ్చే రోజున శరీరాలు లేపబడతాయి, తీర్పు ఉంటుంది, ఆ తర్వాత కొత్త ఆకాశం, కొత్త భూమి. కథోలికులు, లూథరన్లు, బాప్టిస్టులు, ఆర్థడాక్సు వాళ్ళు మిగతా విషయాల్లో ఎంత కొట్టుకున్నా ఈ క్రమం దగ్గర దాదాపు ఒక్కటే మాట. కథోలికులు మధ్యలో ఉత్తరించు స్థలం అని ఒకటి చెప్తారు. రక్షణ పొందినా ఇంకా శుద్ధి కావలసిన ఆత్మలు అక్కడ ఉంటాయని, మన ప్రార్థన వాళ్ళకి సాయపడుతుందని వాళ్ళ నమ్మకం. నవంబరు 2న వాళ్ళు సమాధుల దగ్గర పూజ చేయించేది అందుకే. వాళ్ళ బైబిల్లో ఉన్న మక్కబీయుల రెండో గ్రంథం 12వ అధ్యాయంలో చనిపోయినవాళ్ళ కోసం బలి అర్పించిన సంగతి ఉంది. ఆ పుస్తకం మన ప్రొటెస్టంటు బైబిల్లో లేదు కనక మనం ఆ దారిన పోము.

సెవెంత్‌డే అడ్వెంటిస్టు వాళ్ళు మాత్రం వేరేగా చెప్తారు. నిద్ర అంటే అచ్చంగా నిద్రే, లేచేదాకా ఏమీ తెలియదంటారు. ప్రసంగి 9వ అధ్యాయంలో "చచ్చినవారు ఏమియు ఎరుగరు" అని ఉంది కదా అని చూపిస్తారు. ఈ తగువు ఇవాళ్టిది కాదు. ఆత్మ నిద్రపోతుందన్న వాళ్ళకి జవాబుగా ప్రొటెస్టంటు సంస్కర్త కాల్విను 1534లోనే ఒక పుస్తకం రాశాడు. నేను కాల్విను పక్షమే. అయినా మీ వీధిలో అడ్వెంటిస్టు కుటుంబం ఉంటే ఈ విషయం మీద మాత్రం తగువు పెట్టుకోకండి. చనిపోయినవాళ్ళ వైపు నుంచి చూస్తే కళ్ళు మూసి తెరిచేలోగా ప్రభువు కనబడతాడన్నది రెండు పక్షాల్లోనూ మారదు.

నాకు బాధ కలిగించేది ఇంకొకటి ఉంది. మన భూస్థాపనల్లో ప్రసంగాలు మొదటి మెట్టు దగ్గరే ఆగిపోతున్నాయి. "అమ్మగారు పరలోకం చేరుకున్నారు, ఆమెన్" అని ముగించి అందరినీ భోజనానికి పంపించేస్తున్నారు. శరీరం సంగతి ఎవరూ ఎత్తరు. అపొస్తలుల విశ్వాస ప్రమాణంలో చివరికొచ్చేసరికి శరీర పునరుత్థానమును, నిత్యజీవమును నమ్ముచున్నాను అని ఉంటుంది. జయపురం, రాయగడ వైపు లూథరన్ సంఘాల్లో ఆదివారం ఆరాధనలో అది పలుకుతారు. 1882లో జర్మనీలోని బ్రెక్లుమ్ మిషనరీలు ఈ కోరాపుట్ కొండలకి వచ్చినప్పటి నుంచి అక్కడ లూథరన్ పద్ధతి నాటుకుంది. మన బాప్టిస్టు సంఘాల్లో దాన్ని కంఠస్థం చేసే అలవాటు తక్కువ. మిగతా తేడాలేమైనా గానీ, ఆ ఒక్క వాక్యం వారం వారం నోటితో పలికినవాళ్ళు శరీరాన్ని అంత తేలిగ్గా మర్చిపోరు.

ఎందుకంత ముఖ్యం అంటారా? ఒకసారి వంశధార దగ్గర్లో ఒక పల్లెలో పెద్దావిడ్ని భూస్థాపన చేశాం. మంచి వానల్లో. గొయ్యి నడుం లోతు తవ్వేసరికి కింద నుంచి నీళ్ళు ఊరడం మొదలుపెట్టాయి. సంఘం కుర్రాళ్ళు ఇద్దరు గోతిలోకి దిగి బకెట్లతో తోడుతున్నారు, తోడినకొద్దీ ఊరుతోంది. ఒకడి చెప్పు బురదలో ఇరుక్కుపోయి ఊడి రాలేదు, అలాగే వదిలేశాడు. పెట్టె పక్కన రెండు తాటి దుంగల మీద ఉంది. కొడుకు ఆ ఎర్రనీళ్ళ వైపే చూస్తూ "అయ్యగారూ, అమ్మని ఇందులోనా పెట్టేది?" అన్నాడు. అప్పుడు నేను "ఆత్మ పరలోకంలో ఉంది బాబూ, ఇది ఒట్టి కట్టె" అనొచ్చు. చాలామంది అదే అంటారు. కానీ ఆ కొడుకుని పెంచింది ఆ చేతులే, ఆ ఒళ్ళే. దాన్ని ఒట్టి కట్టె అంటే వాడు నమ్మడు, నమ్మకూడదు కూడా. గొయ్యి కాస్త మెరకకి మార్చి తవ్వించి, కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక 15వ అధ్యాయం మొత్తం చదివాను, గొడుగు కింద పేజీలు తడుస్తుంటే. నేను చెప్పింది ఒక్కటే: ఇప్పుడు దించుతున్న ఈ శరీరం దేవుడికి లెక్కలో ఉంది.

పౌలు ఆ అధ్యాయం రాసింది క్రీ.శ. 55 ప్రాంతంలో. అంటే సిలువ జరిగి పాతికేళ్ళు. అందులో ఆయన ముందు సాక్షుల పేర్లు చెప్తాడు: కేఫా అనే పేతురు, పన్నెండుగురు శిష్యులు, ఒకేసారి అయిదువందల మందికి పైగా సహోదరులు, యాకోబు, చివర్న తాను. ఆ అయిదువందల మందిలో ఎక్కువమంది ఇంకా బతికే ఉన్నారని కూడా రాస్తాడు, కావలిస్తే వెళ్ళి అడగండి అన్నట్టు. ఆ తర్వాతే అసలు ప్రశ్నలోకి దిగుతాడు: మృతులు ఎలా లేస్తారు, ఏ శరీరంతో వస్తారు? ఆయన జవాబు విత్తనం. మీరు నాటేది గింజనే, మొలిచేది గింజ కాదు. కానీ ఆ గింజ లేకుండా ఆ మొలక లేదు. ఆషాఢంలో ఆకుమడి చల్లే మనకి ఇది విడమర్చి చెప్పక్కర్లేదు. క్షయమైనదిగా విత్తబడి అక్షయమైనదిగా లేపబడుతుంది, బలహీనంగా విత్తబడి బలంగా లేపబడుతుంది అంటాడు. అదే మనిషి, అదే శరీరం, కానీ జబ్బూ ముసలితనమూ చావూ అంటని శరీరం.

అది ఎలా ఉంటుందో తెలుసుకోవడానికి మనకున్న నమూనా ఒక్కటే, లేచిన క్రీస్తు. దయ్యాన్ని చూస్తున్నామనుకుని శిష్యులు భయపడితే ఆయన చేతులూ కాళ్ళూ చూపించి, తినడానికి ఏమైనా ఉందా అని అడిగి కాల్చిన చేపముక్క తిన్నాడు. తిబెరియ సముద్రం ఒడ్డున నిప్పుల మీద చేపలు కాల్చి వాళ్ళకి పొద్దుటి భోజనం పెట్టాడు. మేకుల గాయాలు పోలేదు, తోమాకి చూపించాడు. అదే సమయంలో తలుపులు మూసి ఉన్న గదిలోకి వచ్చి నిలబడ్డాడు. ఎమ్మాయు దారిలో ఇద్దరు శిష్యులు పక్కనే నడుస్తూ కూడా గుర్తుపట్టలేదు, రొట్టె విరిచేదాకా. మగ్దలేనే మరియ తోటమాలి అనుకుంది, పేరు పెట్టి పిలిచేదాకా. యేసు బతికించిన లాజరు లేవడం వేరు. నాలుగు రోజుల తర్వాత సమాధిలోంచి వచ్చాడు గానీ మళ్ళీ ముసలివాడై చనిపోవలసినవాడే. క్రీస్తు లేచింది ఇక చావు లేని బతుకులోకి. మన సంఘాల్లో ఈస్టరు రోజు తెల్లవారకముందే కొవ్వొత్తులు పట్టుకుని సమాధుల దగ్గరికి పోయే ఆచారం ఊరికే రాలేదు. ఆదివారం చీకటితో ఆడవాళ్ళు సమాధికి వెళ్ళారు, అది ఖాళీగా ఉంది. మనవాళ్ళ సమాధులు ఇంకా ఖాళీ కాలేదు. అవుతాయని అక్కడ నిలబడి పాడతాం.

ఈ మాట ఆ రోజుల్లో కూడా ఎవరికీ రుచించలేదు. యెరూషలేములో సద్దూకయ్యులనే యూదుల వర్గం వాళ్ళు పునరుత్థానమే లేదనేవారు. ఏథెన్సులో పౌలు మాట్లాడుతుంటే పండితులు అంతా విని, మృతుల పునరుత్థానం అనగానే కొందరు నవ్వేశారు. ఆత్మ అమరం అంటే వాళ్ళలో కొందరికి అభ్యంతరం ఉండేది కాదు. శరీరం అనేసరికే నవ్వొచ్చింది.

ఇక దహనం సంగతి. అమ్మగారితో గట్టిగా చెప్పండి, కాల్చిన శరీరాన్ని లేపడం దేవుడికి కష్టం కాదు. 177లో, ఇప్పటి ఫ్రాన్సులో ఉన్న లియోను పట్టణంలో క్రైస్తవుల్ని చంపినవాళ్ళు ఆ శవాల్ని కాల్చి, బూడిద రోను నదిలో కలిపేశారు. ఇక ఎలా లేస్తారో చూద్దాం అని ఎగతాళి చేశారట. చరిత్రకారుడు యుసేబియసు ఇది రాసిపెట్టాడు. ఆ హతసాక్షులు లేవరని ఆనాటి సంఘం ఒక్క క్షణం కూడా అనుకోలేదు. ఆ తర్వాత వచ్చిన సంఘ పండితుడు అగస్టీను అయితే క్రూరమృగాలు తిన్నవాళ్ళు, మంటల్లో పోయినవాళ్ళు, ఆఖరికి ఆకలికి మనిషే మనిషిని తింటే ఆ మాంసం ఎవరిది అన్న ప్రశ్నతో సహా కూర్చుని జవాబులు రాశాడు. అంత దూరం మనకెందుకు? 2018 అక్టోబరులో తిత్లీ తుఫానుకి మన గజపతి జిల్లా కొండల్లో చరియలు విరిగిపడి ఎంతమంది మట్టిలో కలిశారో చూశాం. వాళ్ళకి పెట్టె లేదు, వాక్యం లేదు. దేవుడి జ్ఞాపకంలో లేరని ఎవరనగలరు?

మరి మనం ఎందుకు పాతిపెడతామంటే, యూదుల ఆచారం అది, యేసుని కూడా సమాధిలో పెట్టారు, లేచే శరీరాన్ని మర్యాదగా సాగనంపడం అందులో ఉంది. అంతేగానీ గొయ్యి రక్షణకి షరతు కాదు. కథోలిక సంఘం చాలాకాలం దహనాన్ని నిషేధించింది. 1963లో అనుమతించింది. 2016లో ఇచ్చిన సూచనలో బూడిద చల్లొద్దు, ఇంట్లో పెట్టుకోవద్దు, పవిత్ర స్థలంలో ఉంచాలి అని మాత్రం చెప్పింది. సూరత్‌లోనో ముంబైలోనో పనికిపోయి అక్కడే చనిపోయిన మన కుర్రాళ్ళని ఊరికి తేలేక అక్కడి కరెంటు శ్మశానంలో దహనం చేసిన కుటుంబాలు నాకు తెలుసు. ఆ తల్లులకి ఎవరో "అయ్యో, పాతిపెట్టి ఉండాల్సింది" అనడం కూడా విన్నాను. ఆ మాటన్నవాళ్ళకి బైబిలూ తెలీదు, రైలు ఛార్జీలూ తెలీవు.

పక్కింటి పెద్దాయనకి జవాబు చిన్నదే. ఒకటి కాదండీ అని మర్యాదగా చెప్పండి. గీతలో పాత బట్టలు విడిచి కొత్తవి కట్టుకున్నట్టు ఆత్మ శరీరాలు మారుస్తుందని ఉంది. మళ్ళీ మళ్ళీ పుట్టడం, చివరికి ఆ చక్రం నుంచి విడుదల కావడం అక్కడి ఆశ. మన నమ్మకంలో పుట్టుక ఒక్కసారే, చావు ఒక్కసారే, ఆ తర్వాత తీర్పు అని హెబ్రీయులకు రాసిన పత్రిక 9వ అధ్యాయం చెప్తుంది. లేచేది వేరే ఊళ్ళో, వేరే కడుపున పుట్టిన ఇంకొకరు కాదు, మీ అమ్మమ్మే, ఆవిడ పేరుతో, ఆవిడ బతికిన బతుకుతో. శరీరం నుంచి బయటపడటం కోరుకోం, శరీరమే బాగుపడటం కోరుకుంటాం. ఆయన ఒప్పుకోకపోయినా ఫర్వాలేదు. అరుగు మీద కూర్చుని మాట్లాడుకోవడానికి ఇంతకన్నా మంచి విషయం ఏముంటుంది?

తాతయ్య సంగతి దగ్గర మాత్రం నేను నెమ్మదిగా మాట్లాడాలి. క్రీస్తు ద్వారా తప్ప తండ్రి దగ్గరికి దారి లేదని యోహాను సువార్త 14వ అధ్యాయంలో స్పష్టంగా ఉంది. నేను దాన్ని తగ్గించి చెప్పను. శిక్ష అన్నదాన్ని క్రైస్తవులు అందరూ ఒకేలా అర్థం చేసుకోలేదు. అంతులేని శిక్ష అని ఎక్కువమంది అంటారు. దుష్టులు చివరికి లేకుండా పోతారని అడ్వెంటిస్టులు అంటారు. మూడో శతాబ్దంలో ఓరిగెను అనే పండితుడు అందరూ ఏదో ఒక రోజు దేవుడి దగ్గరికి తిరిగొస్తారని ఆశపడ్డాడు, సంఘం దాన్ని సిద్ధాంతంగా ఒప్పుకోలేదు. తమ తప్పు లేకుండా సువార్త ఎరగనివాళ్ళు, మనస్సాక్షి ప్రకారం దేవుణ్ణి వెతికినవాళ్ళు రక్షణ పొందవచ్చని కథోలికుల రెండో వాటికన్ మహాసభ 1964లో చెప్పింది. రోమీయులకు రాసిన పత్రిక 2వ అధ్యాయంలో ధర్మశాస్త్రం లేని అన్యజనుల హృదయాల్లో రాసి ఉన్న దాని గురించి పౌలు రాసిన మాటలు మన సంఘాల్లో చదవడం తక్కువ. ఇంటికెళ్ళి ఒకసారి చదవండి.

ఇన్ని చెప్పాక నా మాట ఇది. మీ తాతయ్య గురించి తీర్పు చెప్పే కుర్చీ నాది కాదు, మీ సంఘ పెద్దలది కూడా కాదు. సొదొమ పట్టణాన్ని నాశనం చేయబోయే విషయంలో అబ్రాహాము దేవుణ్ణే అడిగాడు: "సర్వలోకమునకు తీర్పు తీర్చువాడు న్యాయము చేయడా?" దేవుడు ఆ ప్రశ్నకి కోప్పడలేదు. సగం మంది హిందూ చుట్టాలున్న భూస్థాపనలో, శవం ఎదురుగా ఉండగా, నమ్మకుండా పోయినవాళ్ళు ఎక్కడున్నారో మైకులో లెక్కపెట్టి చెప్పే బోధకులు నాకు తగిలారు. వాళ్ళకి ధైర్యం ఎక్కువని కొందరు మెచ్చుకుంటారు. నాకైతే అందులో ధైర్యం కనబడలేదు. లాజరు సమాధి దగ్గర, ఇంకాసేపట్లో లేపబోతున్నానని తెలిసి కూడా యేసు ఏడ్చాడు. అక్కడ ఎవరికీ ప్రసంగం చేయలేదు.

మనుషులు ఒకర్నొకరు గుర్తుపడతారా అంటే, పడతారనే నమ్ముతాను. యేసు రూపం మారి వెలిగిన రూపాంతర కొండ మీద కనబడ్డ మోషే, ఏలీయా ఎప్పుడో లోకం విడిచి వెళ్ళినవాళ్ళే అయినా మోషేగా, ఏలీయాగానే ఉన్నారు. బిడ్డ చనిపోయినప్పుడు దావీదు, వాడు నా దగ్గరికి రాడు, నేనే వాడి దగ్గరికి పోతానన్నాడు. అయితే మొగుడూ పెళ్ళాల్లా మళ్ళీ కాపురం ఉంటారా అన్నది వేరు. ఒకామె ఏడుగురు అన్నదమ్ముల్ని ఒకరి తర్వాత ఒకర్ని చేసుకుంటే పునరుత్థానంలో ఎవరి భార్య అని సద్దూకయ్యులు యేసుని ఇరకాటంలో పెట్టబోయారు. అక్కడ పెళ్ళిళ్ళు చేసుకోవడం, చేసివ్వడం ఉండదు అని ఆయన జవాబు. ప్రేమ ఉండదని మాత్రం అనలేదు.

"పైనుంచి చూస్తోంది" అన్నదానికి వస్తే, హెబ్రీయులకు రాసిన పత్రిక 12వ అధ్యాయంలో సాక్షుల సమూహం మేఘంలా మనల్ని ఆవరించి ఉందని ఉంది కనక కొందరు అలా అంటారు. నేను దాని మీద ఇల్లు కట్టను. అలాగని మీ మావయ్యని సరిదిద్దే పని కూడా పెట్టుకోకండి. తల్లి పోయిన నెలలో మనిషి అలాగే మాట్లాడతాడు.

మన కొండల్లో సవరలు చనిపోయినవాళ్ళతో నిజంగానే మాట్లాడేవారు. పూజారిణి ఒంటి మీదకి పోయినవాళ్ళు ఒక్కొక్కరే వచ్చి పలికేవారు. ఇంటివాళ్ళు చుట్టూ కూర్చుని ఏడ్చేవారు, ఎందుకు పోయావని నిలదీసేవారు, ఆస్తి తగాదాలు కూడా అక్కడే తేల్చుకునేవారు. చనిపోయినవాళ్ళ పేరు మీద రాయి నాటేవారు. కెనడా బాప్టిస్టు మిషనరీలు వచ్చాక, ముఖ్యంగా చదువుకున్న కొత్త తరం బాప్టిస్టులయ్యాక, ఆ మాటలు చాలా ఊళ్ళలో ఆగిపోయాయి. బైబిలు మృతులతో మాట్లాడించడాన్ని ఒప్పుకోదు, ద్వితీయోపదేశకాండం 18వ అధ్యాయంలో నిషేధం ఉంది, కాబట్టి ఆగడం సరైనదే. కానీ అందులో ఒకటి నాకు ఎప్పుడూ గుర్తొస్తుంది. పోయినవాళ్ళ గురించి ఏళ్ళ తరబడి నోరారా మాట్లాడుకునే చోటు వాళ్ళకి ఉండేది. మనం పరలోకంలో ఉన్నారు అని ఒక్క ముక్కలో తేల్చేసి, నెల తిరక్కుండా ఇక ఏడవొద్దు, విశ్వాసం ఉండాలి అంటున్నాం. పౌలు ఏడవొద్దనలేదు. నిరీక్షణ లేనివాళ్ళలా ఏడవొద్దన్నాడు.

మాసికం విషయంలో ఇదే దారి పట్టండి. పిండం పెట్టకపోతే అమ్మమ్మ దారిలో ఆగిపోదు. ఆవిడ ఆకలి, ఆవిడ దారి ఇప్పుడు మన చేతిలో లేవు, ప్రభువు చేతిలో ఉన్నాయి. అందుకని అమ్మ ఆ కార్యంలో కూర్చోనక్కర్లేదు. అదే సమయంలో తాతయ్యవైపు వాళ్ళు పెడతామంటున్నది పగతో కాదు, పెద్దమ్మ మీద ప్రేమతో. వాళ్ళింట్లో వాళ్ళ పద్ధతిలో చేసుకుంటే అడ్డం పడకండి. మీరు నలభయ్యో రోజునో, వీలైన ఆదివారమో జ్ఞాపకార్థ కూడిక పెట్టి వాళ్ళందర్నీ పిలవండి. ముందుగా అమ్మచేత ఫోన్ చేయించండి, కార్డు పంపితే సరిపోదు. పాట, వాక్యం క్లుప్తంగా ముగించి, అమ్మమ్మ గురించి ఎవరికి తోచింది వాళ్ళు చెప్పమనండి. హిందూ చుట్టాల్ని ముందు మాట్లాడనివ్వండి. భోజనంలో మాంసం పెట్టాలా వద్దా అని అడుగుతారు. మాసికం రోజులు పాటించేవాళ్ళు వస్తారు కాబట్టి ఒక పంక్తికి విడిగా కూరగాయలు వండించండి. తక్కిన వాదనలన్నిటికంటే అదే ఎక్కువ పనిచేస్తుంది.

చివరిగా రాయి. పేరు, పుట్టిన తేదీ, చనిపోయిన తేదీ. "మహిమ ప్రవేశం", "ప్రభువు పిలుపు" అని ఈమధ్య చెక్కిస్తున్నారు, తప్పేం లేదు, కానీ నాకు "మరణం" అన్న మాటే ఇష్టం. యేసే శిష్యులతో లాజరు చనిపోయాడని స్పష్టంగా చెప్పాడు. చావుని చావు అంటేనే కింద రాసే వాక్యానికి బలం. ఆ వాక్యం యోహాను 11:25 పెట్టండి, "పునరుత్థానమును జీవమును నేనే." తెలుగులోనూ ఒడియాలోనూ చెక్కించండి. మీ పిల్లలు ఒడియా మీడియంలో చదువుతున్నారని రాశారు కదా, తెలుగు ఒక్కటే పెడితే రేపు వాళ్ళు అమ్మమ్మ పేరు కూడా చదవలేరు. మేస్త్రీ తెలుగువాడైతే ఒడియా అక్షరాలు, ఒడియావాడైతే తెలుగు ఒత్తులు తప్పకుండా తప్పుతాడు. చెక్కేముందు కాగితం మీద రాయించి బడి మాస్టారు ఎవరికైనా చూపించండి. వానలు వెళ్ళి మన్ను దిగేదాకా సిమెంటు కట్టొద్దు, పగుళ్ళిస్తుంది. సంక్రాంతి తర్వాత మొదలుపెట్టండి, ఈస్టరుకి సమాధులన్నిటికీ సున్నం వేసే వేళకి ఇదీ అయిపోతుంది.